గాజు మేడ – క్రిస్టల్ ప్యాలెస్



మొన్న గాలివానకు మన డార్మెటరీ కిటికీ అద్దం ఒకటి పగిలింది గదా. రాత్రంతా జల్లు కొట్టి ఆ కిటికీ కింద పడుకున్న అయిదో తరగతి పిల్లల దుప్పట్లు తడిసినాయి. తెల్లవారి మేము అట్టముక్క పెట్టి నారతో కట్టినాము. అప్పుడు సోషల్ సార్ వచ్చి చూసి, "ఒక్క అద్దానికే ఇంత గోల అయితే, మూడు లక్షల అద్దాలతో ఇల్లు కట్టినవాళ్ళు ఎట్లా వేగినారో" అన్నారు. సార్ తమాషా చేస్తున్నారని మేము నవ్వినాము. సార్ నవ్వలేదు. "నిజంగానే కట్టారమ్మా. పుస్తకం ఇస్తాను, చదివి గోడ పత్రికకు రాయి" అన్నారు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను. తప్పులుంటే మన్నించగలరు.

ఎందుకు కట్టారు?

ఇది ఇంగ్లండు దేశపు రాజధాని లండన్ నగరంలో జరిగిన సంగతి. అప్పుడు విక్టోరియా మహారాణి ఏలుతున్నది. ఆమె భర్త ఆల్బర్ట్, హెన్రీ కోల్ అనే ఉద్యోగి, మరికొందరు కలిసి ఒక ఆలోచన చేశారు. అన్ని దేశాలవాళ్ళు చేసిన వస్తువులు, యంత్రాలు, నగలు, బట్టలు ఒక్కచోట పెట్టి అందరికీ చూపించాలి. మన విజ్ఞాన ప్రదర్శన లాంటిదే, కాని చాలా పెద్దది. దానిని మహా ప్రదర్శన అన్నారు. 1851 మే 1న హైడ్ పార్కు అనే తోటలో మొదలు పెట్టాలని నిర్ణయించారు.

మరి అంత సామాను పెట్టటానికి ఇల్లు ఏది? 1850లో పోటీ పెడితే 245 నమూనాలు వచ్చినాయి. ఒక్కటి కూడా తీసుకోలేదు. కమిటీవాళ్ళే సొంతంగా ఒకటి గీశారు. దానికి కోటిన్నర దాకా ఇటుకలు కావాలి. అన్ని ఇటుకలు కాల్చి గోడలు లేపి, అవి ఆరేసరికి ప్రదర్శన రోజు దాటిపోతుంది. పైగా ప్రదర్శన అయిపోయినాక కూడా ఆ ఇటుకల కొండ తోటలోనే ఉండిపోతుందని చాలామంది ఒప్పుకోలేదు.

తోటమాలి వచ్చాడు

అప్పుడు జోసెఫ్ పాక్స్‌టన్ అనే ఆయన ముందుకు వచ్చాడు. ఆయన ఇంజనీరు కాదు. తోటమాలి. 1803లో రైతు కుటుంబంలో ఏడో కొడుకుగా పుట్టాడు. 22 ఏళ్ళకే చాట్స్‌వర్త్ అనే చోట ఒక జమీందారు గారి తోటకు పెద్ద తోటమాలి అయినాడు. ఇంగ్లండులో చలి ఎక్కువ. వేడి దేశాల మొక్కలు అక్కడ బయట బతకవు. అందుకని పాక్స్‌టన్ వాటికోసం అద్దాల ఇళ్ళు కట్టేవాడు. ఎండ లోపలికి వస్తుంది, చలిగాలి రాదు. అట్లా ఏళ్ళ తరబడి కట్టి కట్టి ఆయనకు అద్దం సంగతి, ఇనుము సంగతి, నీళ్ళు కారే సంగతి బాగా తెలిసినాయి.

1850 జూన్ 11న ఆయన ఒక రైల్వే మీటింగులో కూర్చొని ఉన్నాడు. మనసులో మాత్రం ఈ ఇల్లే మెదులుతున్నది. ముందర సిరా అద్దే కాగితం ఉంటే దాని మీదనే గబగబా బొమ్మ గీశాడు. పది రోజులు తిరగకముందే పూర్తి ప్లాను తయారు చేశాడు. ఆ సిరా కాగితాన్ని ఇప్పటికీ లండన్‌లో ఒక మ్యూజియంలో దాచి పెట్టారు. మనం స్టడీ అవర్‌లో నోటు పుస్తకం వెనక బొమ్మలు గీస్తే తిట్లు పడతాయి, అది వేరే సంగతి.

ఆకు నేర్పిన పాఠం

దక్షిణ అమెరికాలో అమెజాన్ నదిలో ఒక పెద్ద కలువ ఉంది. దాని ఆకు అయిదారు అడుగుల వెడల్పు పెరుగుతుంది, అంచు పళ్ళెం లాగా పైకి లేచి ఉంటుంది. పాక్స్‌టన్ దానిని పెంచి 1849లో పూయించాడు. ఒకరోజు తన చిన్న కూతురు ఆనీని ఆ ఆకు మీద నిలబెట్టాడు. ఆకు మునగలేదు!

ఎందుకు మునగలేదు? ఆకును తిరగేసి చూస్తే కింద లావు ఈనెలు మధ్య నుంచి అంచు దాకా పోతాయి. వాటి మధ్య సన్న ఈనెలు అడ్డంగా కలుపుతూ ఉంటాయి. ఆకు పలచనిదే, బరువును మాత్రం ఈనెలు పంచుకుంటాయి. పాక్స్‌టన్ ఆ కలువ కోసం కట్టిన అద్దాల ఇంటిలోనే ఈ పద్ధతి చూశాడు. సన్న ఇనుప కడ్డీలు ఈనెలు అనుకుంటే, అద్దం ఆకు అనుకోవచ్చు.

ఇది చదివి నేను మన బడి వెనక చేమ ఆకు ఒకటి తెంపి తిరగేసి చూశాను. నిజమే. ఇన్నేళ్ళు కూర వండుకొని తిన్నాము గాని తిరగేసి చూడలేదు.

ఎట్లా కట్టారు?

మేడ పొడవు 1848 అడుగులు, వెడల్పు 408 అడుగులు. నేనూ, నా స్నేహితురాలూ తాడు పెట్టి మన వరండా కొలిచినాము. 90 అడుగులు వచ్చింది. అట్లాంటి వరండాలు 20 వరసగా పెట్టినా ఇంకా 48 అడుగులు మిగులుతుంది. పొడవు అర కిలోమీటరు దాటుతుందన్నమాట.

ఇంత పెద్దది నాలుగైదు నెలల్లో ఎట్లా లేచింది? ఇక్కడే అసలు తెలివి ఉంది. పాక్స్‌టన్ 24 అడుగులు అనే ఒకే కొలత పట్టుకున్నాడు. స్తంభానికీ స్తంభానికీ మధ్య 24 అడుగులు. నేను 1848ని 24తో భాగించి చూశాను. 77 వచ్చింది, శేషం సున్న. 408ని భాగిస్తే 17, మళ్ళీ శేషం సున్న. మీరు కూడా చేసి చూడండి.

అంతా ఒకే కొలత కాబట్టి, ఒకే రకం స్తంభాలు, ఒకే రకం దూలాలు వేల కొద్దీ పోత పోశారు. ఫాక్స్, హెండర్సన్ అనే కంపెనీ కాంట్రాక్టు తీసుకుంది. ఇనుప ముక్కలు కార్ఖానాల నుంచి రైలు మీద వచ్చేవి. దిగిన వెంటనే దూలాన్ని యంత్రంతో నొక్కి బరువు ఆపుతుందో లేదో పరీక్ష చేసి, గుర్రాలతో పైకి లాగి బిగించేవాళ్ళు. ఎక్కడి ముక్క అయినా ఎక్కడికైనా సరిపోతుంది.

మన ఇళ్ళకాడ మోదుగాకు విస్తరి కుట్టేటప్పుడు కూడా అంతే గదా. ఆకులు ఒకే రకం, పుల్లలు ఒకే రకం. ఎంత పెద్ద విస్తరి కావాలంటే అంత కుట్టుకుంటూ పోవచ్చు. మా తాత ఇల్లు కట్టేటప్పుడు కూడా అడవిలోనే వాసాలన్నీ ఒకే కొలతకు నరికి తెస్తాడు. ఇంటికాడ కూర్చొని నరకటం ఉండదు. నిట్రాడు పాతినాక ఊరంతా చెయ్యి వేస్తే రెండు రోజుల్లో కప్పు పడుతుంది.

అద్దాలు ఛాన్స్ బ్రదర్స్ అనే కంపెనీ చేసింది. కరిగిన గాజును గొట్టంతో ఊది పెద్ద డోలు లాగా చేస్తారు. ఆ డోలును నిలువునా కోసి, కొలిమిలో మెత్తబరిచి చాప లాగా పరుస్తారు. ఒక్కొక్క అద్దం 49 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు. మేము పాత పేపరు అతికించి ఆ కొలతకు కత్తిరించినాము. నిలబెడితే నా ఛాతీ దాకా వచ్చింది. అట్లాంటివి 2,93,655 బిగించారు! అంతకుముందు ఇంగ్లండులో గాజు మీద పన్ను ఉండేది. 1845లో దానిని తీసివేశారు. లేకపోతే ఇంత గాజు ఎవరు కొనగలరు?

పైకప్పు మీద అద్దాలు బిగించటానికి చక్రాల బండ్లు తయారు చేశారు. బండి కాలువ అంచుల మీద నడుస్తుంది, పనివాళ్ళు దానిలో కూర్చొని అద్దం పెట్టుకుంటూ వెనక్కి జరుగుతారు. ఒక వారంలో 80 మంది 18,000కు పైగా అద్దాలు బిగించారు. వారానికి ఆరు రోజుల పని అనుకుంటే, ఒక్కొక్కరు రోజుకు 37 అద్దాల పైమాట. కొన్నిసార్లు ఒకేసారి రెండువేల మందికి పైగా పనిచేశారు.

మొదట తోట చుట్టూ చెక్కలతో దడి కట్టారు. పని అయిపోయినాక ఆ చెక్కలే తీసి లోపల నేలకు పరిచారు. ఏదీ పారేయలేదు.

వాన, దుమ్ము, ఎండ

గాజు కప్పు మీద వాన పడితే ఎట్లా? కాగితాన్ని విసనకర్ర లాగా మడిస్తే ఎత్తు, పల్లం, ఎత్తు, పల్లం వస్తుంది గదా. కప్పు అట్లా ఉంటుంది. నీళ్ళు పల్లంలోకి జారి చెక్క కాలువలో పడతాయి. ఆ కాలువకు లోపలి వైపు ఇంకా రెండు సన్న గాళ్ళు తొలిచారు. ఎందుకంటే, చలికి అద్దం లోపల కూడా చెమట పడుతుంది, ఆ బొట్లు కింద జనం మీద పడకుండా వాటిలోకి పోతాయి. కాలువల నుంచి నీళ్ళు ఎక్కడికి? స్తంభాల లోపలికి! ఇనుప స్తంభాలు బోలుగా ఉంటాయి. కప్పును మోసేదీ అవే, నీళ్ళు దింపేదీ అవే. ఒక వస్తువుతో రెండు పనులు. ఈ చెక్క కాలువలు మొత్తం కలిపితే 24 మైళ్ళు, అంటే 38 కిలోమీటర్లకు పైన. అయినా మొదట్లో కొన్నిచోట్ల కారిందట. కాబట్టి మన వంటశాల కప్పు కారితే మరీ చిన్నతనం అనుకోనక్కర్లేదు.

నేల చెక్కల మధ్య సన్న సందులు వదిలారు. ఊడిస్తే దుమ్ము కిందికి పోతుంది. కప్పు మీద నీడ కోసం బట్ట కప్పారు. గోడలకు గాలి రావటానికి తెరిచి మూసే పలకలు పెట్టారు. అంత చేసినా ఎండాకాలంలో లోపల ఉక్క పోసేది.

తోటలో పెద్ద చెట్లు ఉన్నాయి, నరకవద్దని జనం పట్టుబట్టారు. అందుకని మధ్యలో నూరు అడుగులకు పైగా ఎత్తులో గుండ్రటి కప్పు వేసి చెట్లను లోపలనే ఉంచి కట్టారు. ఈ ముక్క నాకు చాలా నచ్చింది. చెట్టు కోసం ఇల్లు వంగింది.

లోపల ఏమున్నవి?

దాదాపు 14,000 మంది తమ వస్తువులు పెట్టారు. మొత్తం లక్ష వస్తువులు. నూలు వడికే యంత్రాలు, అచ్చు యంత్రాలు, అమెరికా నుంచి పంట కోసే యంత్రం వచ్చినాయి. నడిమధ్యన 27 అడుగుల ఎత్తు గాజు ఫౌంటెన్ ఉండేది.

మన దేశం నుంచి ఈస్టిండియా కంపెనీ చాలా సామాను తెచ్చి పెట్టింది. ఏనుగు అంబారీ పెట్టటానికి ఏనుగు లేకపోతే, గడ్డి కూరిన చచ్చిన ఏనుగును వెతికి తెచ్చారు. అన్నిటికంటే ఎక్కువమంది కోహినూరు వజ్రం కాడ గుమిగూడినారు. అది మన కృష్ణానది ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు. చేతులు మారి మారి పంజాబు రాజుల దగ్గరికి చేరింది. 1849లో కంపెనీవాళ్ళు పంజాబును గెలిచి, దులీప్ సింగ్ అనే రాజు చేత సంతకం పెట్టించుకొని తీసుకున్నారు. అప్పుడు ఆ రాజుకు 10 ఏళ్ళు. మన అయిదో తరగతి పిల్లల వయసు! అట్లా తెచ్చిన వజ్రాన్ని ఇనుప పంజరంలో పెట్టి చూపించారు. అది అనుకున్నంత మెరవలేదని జనం నిరాశపడ్డారు. 1852లో దానిని మళ్ళీ సాన పడితే 186 క్యారెట్ల వజ్రం 105 క్యారెట్లకు తగ్గింది. తీసుకున్నదాన్ని ఉన్నట్టు కూడా ఉంచలేదు.

ఎవరు చూశారు?

మొదట టిక్కెట్టు చాలా ఎక్కువ. పెద్దవాళ్ళే వచ్చారు. మే 26 నుంచి వారానికి నాలుగు రోజులు ఒక షిల్లింగుకు తగ్గించారు. పేదవాళ్ళు వస్తే గొడవలు చేస్తారు, వస్తువులు పగలగొడతారు అని పెద్దవాళ్ళు భయపడి పోలీసులను, సైనికులను సిద్ధంగా ఉంచారు. ఏమీ జరగలేదు. కూలివాళ్ళు, రైతులు, పల్లెటూరి ఆడవాళ్ళు పిల్లలను ఎత్తుకొని వచ్చి వరసలో చూసి పోయినారు. మేరీ కాలినాక్ అనే చేపలమ్మే ముసలమ్మ, 80 ఏళ్ళు దాటిన మనిషి, నెత్తిన గంప పెట్టుకొని దేశం ఆ మూల నుంచి లండన్ దాకా నడిచి వచ్చింది. అక్టోబరులో మూసేసరికి మొత్తం చూసినవాళ్ళ లెక్క 60 లక్షలు దాటింది.

ఇంకో ముఖ్యమైన సంగతి. జార్జి జెన్నింగ్స్ అనే ఆయన అక్కడ నీళ్ళతో శుభ్రమయ్యే మరుగుదొడ్లు పెట్టించాడు. ఒక పెన్నీ ఇచ్చి 8,27,280 మంది వాడుకున్నారు. ఊరు కాని ఊరు వచ్చిన ఆడవాళ్ళకు అది ఎంత అవసరమో మన హాస్టలు పిల్లలకు చెప్పనక్కర్లేదు. పెద్దలు కూడా గమనించగలరు.

కొండ మీదికి మారింది

ప్రదర్శన అయిపోయినాక మేడను ముక్కలు ముక్కలుగా విప్పి, లండన్‌కు దక్షిణంగా సిడెన్‌హామ్ అనే చోట కొండ మీద ఇంకా పెద్దగా కట్టారు. 1854 జూన్ 10న మహారాణి ప్రారంభించింది.

అది కట్టేటప్పుడు 1853 ఆగస్టు 15న పరంజా కూలి 12 మంది పనివాళ్ళు చనిపోయారు. ఈ మాట పుస్తకంలో ఒక్క వాక్యమే ఉంది. నేను అక్కడ ఆగిపోయినాను. ఎందుకంటే మా అయ్య కూడా పట్నంలో మేడల పనికి పోతాడు. పోయిన సంవత్సరం సారువ కర్ర జారి పైనుంచి పడి కాలు విరిగింది. ఆరు నెలలు మంచం మీదనే ఉన్నాడు. నేను ఎనిమిదో తరగతి మొదట్లో బడి మానేసి పత్తి ఏరటానికి పోయినది అందుకే. కొందరికి ఈ సంగతి తెలియదు. దసరా తర్వాత మా అమ్మ నన్ను మళ్ళీ తీసుకొచ్చి ఇక్కడ వదిలింది. ఆ మేడ పూర్తయింది, రంగులు వేశారు. మా అయ్య ఒక్కసారి కూడా లోపలికి పోయి చూడలేదు.

ఇంకొకటి కూడా రాయాలి. సిడెన్‌హామ్ మేడలో ఆఫ్రికా, అమెరికా లాంటి చోట్ల ఉండే ఆదివాసుల నిలువెత్తు బొమ్మలు చేసి, అడవి మొక్కల మధ్య, గడ్డి కూరిన జంతువుల పక్కన నిలబెట్టారు. జనం వింతగా చూసి పోయేవాళ్ళు. ఇది చదివితే నాకు మనసు ఎట్లనో అయింది. మా తాత బొమ్మ చేసి పక్కన ఎలుగుబంటిని పెడితే, ఏ కర్ర ఎన్నేళ్ళు ఉంటుందో, ఏ నెలలో నరికితే పురుగు పట్టదో తాతకు తెలుసునని చూసేవాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? బొమ్మను ఎవరూ ఏమీ అడగరు. పాక్స్‌టన్ ఆకును కూడా తిరగేసి చూశాడు. మనుషులను మాత్రం ఎవరూ అట్లా చూడలేదు.

చివరికి ఏమైంది?

1936 నవంబరు 30 రాత్రి మేడకు నిప్పు అంటుకుంది. ఇనుము, గాజు కాలవు గదా అని నేను సార్‌ను అడిగినాను. నేల చెక్కలు, కుర్చీలు, కాలువలు అన్నీ కట్టెవే. ఎండిన కట్టెకు గాలి తోడైంది. ఇనుము వంగింది, గాజు కరిగి కారింది. 400 మందికి పైగా అగ్నిమాపక సిబ్బంది వచ్చినా తెల్లవారేసరికి ఏమీ మిగలలేదు. ఇప్పుడు అక్కడ మెట్లు, తోట, 1854లో పెట్టిన రాక్షసబల్లుల బొమ్మలు మాత్రం ఉన్నాయి. ఆ పేరుతో ఒక ఫుట్‌బాల్ టీము కూడా ఉంది. మన దేశంలో బెంగుళూరు లాల్‌బాగ్ తోటలో 1889లో మొదలుపెట్టి కట్టిన గాజు మండపం దీనిని చూసి కట్టిందే. అది ఇప్పటికీ ఉంది. ఎక్స్‌కర్షన్‌కు తీసుకుపోతే చూడవచ్చు!

కాలిపోనిది ఒకటి

మహా ప్రదర్శనలో ఖర్చులు పోను 1,86,000 పౌండ్లు మిగిలినాయి. దానితో లండన్‌లో స్థలం కొని మ్యూజియాలు కట్టారు. తర్వాత 1891 నుంచి స్కాలర్‌షిప్పులు ఇవ్వటం మొదలు పెట్టారు. ఇప్పటికీ ఇస్తున్నారు. మన సైన్సు పుస్తకంలో పరమాణువు పాఠంలో రూథర్‌ఫర్డ్ ఉన్నాడు గదా. ఆయన న్యూజిలాండులో రైతు కుటుంబంలో పుట్టాడు. 1895లో ఈ స్కాలర్‌షిప్పు వస్తేనే ఓడ ఎక్కి ఇంగ్లండు పోయి పెద్ద చదువు చదివాడు.

అంటే ఆ కూలివాళ్ళు, చేపలమ్మే ముసలమ్మ లాంటివాళ్ళు ఇచ్చిన ఒక్కొక్క షిల్లింగు, 44 ఏళ్ళ తర్వాత ఎక్కడో ఒక రైతు బిడ్డను చదివించింది. గాజు పగిలింది, ఇనుము వంగింది, చదువు మిగిలింది. మనకు వచ్చే స్కాలర్‌షిప్పు ఫారం నింపేటప్పుడు నేను ఈ సంగతి గుర్తు చేసుకుంటాను. దానిలో మా అయ్య సంతకం ఉండదు, వేలిముద్ర ఉంటుంది. ఆ వేలు సిమెంటుకు పగిలి ముద్ర సరిగా పడదు. రెండుసార్లు వేయించాలి.

చివరగా వార్డెన్ మేడం గారికి ఒక మనవి. పగిలిన అద్దాన్ని మేమే కొలిచినాము. 18 అంగుళాలు, 12 అంగుళాలు. ఒక్కటి చాలు.

ఆలోచించి చెప్పండి

1. ఇటుకల నమూనాను ఎందుకు వద్దన్నారు?
2. ఒకే కొలత పెట్టుకుంటే పని ఎందుకు తొందరగా అవుతుంది? మీ ఇంటికాడ నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.
3. ఇనుప స్తంభాలు చేసే రెండు పనులు ఏవి?
4. ఏదైనా ఒక ఆకును తిరగేసి చూసి ఈనెల బొమ్మ గీయండి. మంచి బొమ్మను వచ్చే పత్రికలో అంటిస్తాము.

కొత్త పదాలు

పోత పోయుట – కరిగించిన లోహాన్ని అచ్చులో పోయటం
బోలు – లోపల ఖాళీగా ఉన్నది
పరంజా – పైన పని చేయటానికి కట్టే కర్రల మంచె, సారువ
షిల్లింగు – పాత ఇంగ్లండు నాణెం; 20 షిల్లింగులు ఒక పౌండు

– 9వ తరగతి విద్యార్థిని